అమ్మమ్మ మూడెకరాలు, అమ్మ ట్రంకుపెట్టె

(బేగంపేటలో జరిగిన సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా అమ్మ పోయిన రోజున ఈ కాలనీ నుంచీ బంధువుల్లోంచీ వచ్చినవాళ్లు చాలామంది ఒకే మాట అన్నారు. "ఆమెది భూదేవంత ఓర్పమ్మా" అని. ప్రేమతోనే అన్నారు. నేనూ తలాడించాను. ఆ పది రోజులూ గడిచాక, ఆమె ట్రంకుపెట్టె తెరిచి కాగితాలు సర్దుతున్నప్పుడు ఆ మాట మింగుడు పడటం మానేసింది. భూదేవి ఓర్పు గురించి ఇంతగా చెప్పుకుంటాం, ఆ భూమి ఎవరి పేరు మీద ఉందో మాత్రం అడగం. మా అమ్మ అడిగేది. మా అమ్మమ్మ కూడా అడిగేది. అడిగినందుకు ఇద్దరూ గయ్యాళులన్న పేరు తెచ్చుకున్నారు. ఆ పేరు పెట్టినవాళ్లే, వాళ్లు పోయాక, ఓర్పు అన్నారు.

ఈ సభ పెట్టిన మిత్రులు నన్ను "తల్లిగా, అమ్మమ్మగా ఆమె జీవితం" గురించి మాట్లాడమన్నారు. సామాజికశాస్త్రం చదివిందాన్ని కాబట్టి కొంత విశ్లేషణ కూడా ఉంటుందని అనుకుని ఉంటారు. విశ్లేషణ కంటే ముందు ఒక ఒప్పుకోలు ఉంది. దాని దగ్గరికి రావాలంటే మా అమ్మమ్మ దగ్గర మొదలుపెట్టాలి. ఎందుకంటే ఈ బేగంపేటలో మేము కట్టుకున్న ఇంటి పునాది నెల్లూరు జిల్లాలో ఉంది.

కావలికి దగ్గర్లో ఒక పల్లె. చెరువు కింద మాగాణి, మొలగొలుకులు పండే నేల. 1945లో విషజ్వరంతో మా తాతయ్య పోయేనాటికి అమ్మమ్మకు పంతొమ్మిదేళ్లు, అమ్మకు ఏడాది. అది ఉమ్మడి కుటుంబం. మగబిడ్డ లేదు. అప్పటి హిందూ ధర్మశాస్త్రం ప్రకారం, అంటే అప్పటి కోర్టులు అర్థం చెప్పిన ప్రకారం, చనిపోయినవాడి వాటా బతికున్న అన్నదమ్ములకు పోతుంది. భార్యకు మనోవర్తి, కూతురికి పెళ్లి ఖర్చు. 1937లో వచ్చిన చట్టం వితంతువుకు భర్త వాటా మీద పరిమితమైన హక్కు ఇచ్చింది గాని, వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చింది. పల్లెటూళ్లో భూమి కాక ఇంకేముంటుంది?

"తిండికేం లోటు చేస్తాంలే, ఇక్కడే పడి ఉండు" అన్నారు బావగారు. చెప్పుకోదగ్గ ఔదార్యమే. అమ్మమ్మ పడి ఉండటానికి ఒప్పుకోలేదు. తిండి పెట్టేది చేతికా, నేలకా అన్నదట. ఏడాదిపాటు పుట్టింటివాళ్లనీ, ఊరి పెద్దమనుషులనీ కూర్చోబెట్టి, 1946లో ఒక కాగితం రాయించుకుంది. మనోవర్తి కింద మూడెకరాల మాగాణి. కానీ ఆ కాగితంలో ఒక వాక్యం ఉంది: "జీవితకాలం అనుభవించుటకు మాత్రమే, విక్రయాది హక్కులు లేకుండా." ఆమె పోయాక భూమి మళ్లీ మగవాళ్ల వంశానికి తిరిగి వెళ్లాలి. అమ్మమ్మకు అప్పటికి చదవడం రాదు. ఆ వాక్యాన్ని ఇంకొకరిచేత చదివించుకుని, ఏ చోట ఉందో గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత బడిపంతులి భార్య దగ్గర అక్షరాలు నేర్చుకున్నది ముందుగా ఆ వాక్యం చదవడానికేనట. మా అమ్మ ఈ సంగతి చెప్పేటప్పుడు నవ్వేది. ఓనమాలు దిద్దాల్సిన చోట "విక్రయాది హక్కులు" దిద్దింది మా అమ్మ అనేది.

కోత అయ్యాక కళ్లంలో బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుని, తూము కొలత దగ్గర్నుంచి పుట్టి లెక్క వరకు తానే చూసేది. ఆడది కళ్లంలో కూర్చోవడం ఏమిటని ఊరు ముక్కున వేలేసుకుంది. ఇక్కడొక మాట చెప్పకుండా ముందుకు పోతే తప్పు. ఆ మూడెకరాల్లో నాట్లు వేసి కలుపు తీసి కోతలు కోసినవాళ్లు దళితవాడ ఆడవాళ్లు. కూలి లెక్క కోసం అమ్మమ్మ పెట్టుకున్న పుస్తకంలో వాళ్ల పేర్లు ఉన్నాయి. భూమికి సంబంధించిన ఏ కాగితం మీదా లేవు. అమ్మమ్మ పోరాడింది తన హక్కు కోసం. వాళ్లకు ఆ పోరాటం మొదలుపెట్టడానికి కావలసిన మూడెకరాలు కూడా లేవు. ఈ రెండింటినీ కలిపి "స్త్రీల సహనం" అని ఒక్క మాటలో చెప్పేయడం నాకు ఇష్టం లేదు.

1956 జూన్‌లో హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. అందులో 14వ సెక్షన్ ఒకటుంది. హిందూ స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తి, చట్టానికి ముందు వచ్చినా తర్వాత వచ్చినా, పరిమిత హక్కుతో కాక సంపూర్ణ హక్కుతో ఆమెదే అవుతుంది. ఎంత గొప్ప వాక్యమో చూడండి. దాని కిందే రెండో ఉపసెక్షన్ ఉంది. దస్తావేజో, డిక్రీయో, ఒప్పందమో ఆమెకు పరిమితమైన హక్కే ఇస్తున్నానని చెబితే, పై వాక్యం వర్తించదు. మా అమ్మమ్మ కాగితం సరిగ్గా అలాంటిదే. 1963లో అమ్మ పెళ్లికి పొలం తాకట్టు పెట్టబోతే మరిది వచ్చి, "నీకు తినే హక్కేగాని తాకట్టు పెట్టే హక్కెక్కడిది?" అన్నాడు. కావలి వకీలు, ఇది ఎటైనా తిరగొచ్చు, ఆగమ్మా అన్నాడు. గొలుసు అమ్మి పెళ్లి చేసింది. పొలం వదల్లేదు.

అదే జిల్లాలో మరొక వితంతువు ఇదే వాక్యంతో పోరాడుతున్న సంగతి అమ్మమ్మకు అప్పటికి తెలియదు. ఆమె వి. తులసమ్మ. న్యాయశాస్త్రం చదివిన మిత్రులకు ఈ పేరు తెలిసే ఉంటుంది, తీర్పు పేరుగా. ఆమె ఒక మనిషి అన్న సంగతి మరిచిపోతుంటాం. 1931లో భర్త పోయాడు. ఆస్తి భర్త సవతి సోదరుడి చేతిలోకి వెళ్లింది. 1944లో, కోర్టు రుసుము కట్టే స్తోమత లేని పేదరాలిగా మనోవర్తి దావా వేసింది. 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి ఆమెకు వచ్చింది, జీవితకాలం అనుభవించడానికి మాత్రమే. 1960, 61లలో ఆమె అందులో కొంత కౌలుకిచ్చి, కొంత అమ్మింది. వెంటనే నెల్లూరు మున్సిఫ్ కోర్టులో ఆమె మీద దావా పడింది, అమ్మడానికి నువ్వెవరు అని. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఆమె ఓడిపోయింది. సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1977 మార్చిలో తీర్పు వచ్చింది. మనోవర్తి అనేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, ఆమెకు ముందునుంచీ ఉన్న హక్కు. ఆ హక్కుకు బదులుగా వచ్చిన ఆస్తి, కాగితంలో ఏ షరతు రాసినా సరే, సంపూర్ణంగా ఆమెదే. 1931 నుంచి 1977. లెక్క వేసుకోండి.

ఈ తీర్పు దేశంలో ఎంతమంది వితంతువుల చేతికి భూమిని నిలబెట్టిందో ఎవరూ లెక్కపెట్టలేదు. ఒకరి సంగతి నాకు తెలుసు. కావలి వకీలు అమ్మమ్మకు ఒక పోస్టుకార్డు రాశాడు. అది ట్రంకుపెట్టెలో ఉంది. నాలుగే వాక్యాలు. చివరిది, "ఇక మీరు అమ్ముకోవచ్చును."

1979లో అమ్మింది. 36,000 రూపాయలు వచ్చాయి. ఆ డబ్బుతో అమ్మమ్మ సికిందరాబాద్ వచ్చేసింది.

ఇక ఇక్కడి కథ. మా నాన్న బిట్రగుంట లోకోషెడ్‌లో గుమాస్తా. 1966 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికిందరాబాద్ ప్రధాన కార్యాలయమయ్యాక బదిలీ మీద ఇక్కడికొచ్చారు. అద్దె ఇళ్లలో పదమూడేళ్లు. అమ్మమ్మ డబ్బూ, రైల్వే ఇచ్చిన గృహనిర్మాణ రుణమూ కలిపి, బేగంపేటలో 200 గజాల స్థలం కొని మూడు గదుల ఇల్లు కట్టారు. రుణం నాన్న ఉద్యోగం మీద కాబట్టి స్థలం, ఇల్లు నాన్న పేరు మీద రాశారు. అందులో ఎవరికీ దురుద్దేశం లేదు. నాన్న మంచివారు. ఎవరూ దాని గురించి రెండో మాట ఆలోచించలేదు. ముప్పై మూడేళ్లు పట్టుబట్టి నిలుపుకున్న మూడెకరాలు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఒక్క మధ్యాహ్నంలో మగపేరులో కలిసిపోయాయి. పితృస్వామ్యం అనేది ఎప్పుడూ కర్ర పట్టుకునే రాదు. ఒక్కోసారి లోను ఫారం పట్టుకుని వస్తుంది.

ఈ ఊరి పేరు గురించి నాకు ఎప్పుడూ ఒక ఆలోచన వస్తుంది. నిజాం కూతురు బషీరున్నిసా బేగం పైగా వంశంలోకి కోడలిగా వెళ్లినప్పుడు పుట్టింటివాళ్లిచ్చిన భూమి ఇది, అందుకే బేగంపేట అయింది అంటారు. మన పల్లెల్లో పసుపు కుంకుమల కింద ఇచ్చే చెక్కలాంటిదే, కాస్త పెద్దది. కూతురికిచ్చిన నేల మీద నిలబడి ఉన్నాం మనం. ఇక్కడ ఎన్ని ఇళ్లు ఆడవాళ్ల పేరు మీద ఉన్నాయో ఒకసారి ఈ సభ అయ్యాక ఎవరికి వారు చూసుకోవచ్చు.

ఆ ఇంట్లో అమ్మ చేసిన పని సంగతి. పొద్దున నాలుగున్నరకు మంచినీళ్లు పట్టడంతో మొదలు. 2019లో ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి ఖర్చు చేస్తున్నారని తేలింది. ఆ అంకె అమ్మకు చెబితే, "ఐదు గంటలేనా? ఎవరే ఆ అదృష్టవంతురాళ్లు?" అంది. దాని మీద కుట్టుపని. చీరకు ఫాల్ కుట్టి పీకో చేస్తే 2 రూపాయలు. రుణం వాయిదా కట్టాల్సిన నెలల్లో నాన్న జీతానికి ఎంత తగ్గితే అంత కుట్టేది. పుస్తకంలో రాసుకునేది. తేదీ, చీర, రూపాయలు. ఆ పుస్తకాలు తొమ్మిది ఉన్నాయి. విమానాశ్రయం పక్కనే కాబట్టి మా ఇంట్లో సంభాషణలన్నీ ముక్కలు ముక్కలుగా జరిగేవి. విమానం వస్తే ఆగడం, పోయాక అందుకోవడం. అమ్మ మాత్రం ఆగేది కాదు. విమానం కింద ఏం మాట్లాడిందో మాకు వినబడేది కాదు. కొన్ని మాటలు అందుకోసమే ఆ సమయానికి దాచుకునేదేమో అని ఇప్పుడు అనిపిస్తోంది. 2008 మార్చిలో విమానాలు శంషాబాద్‌కు వెళ్లిపోయాక మొదటి రాత్రి నిశ్శబ్దానికి నిద్ర పట్టలేదంది.

అమ్మమ్మ 1994లో పోయింది. చివరి దాకా ఇంటి వసారాలో కూర్చుని, రసూల్‌పురా నుంచి పనికి వచ్చే ఆమెతో, కూరగాయల బండామెతో, ఎవరితోనైనా సరే మూడో మాటలో "ఇల్లు ఎవరి పేరు మీదుంది?" అని అడిగేది. పిల్లలం మాకు సిగ్గుగా ఉండేది.

2000 ఆగస్టు 24న పడ్డ వాన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు. నాలా పొంగి మా వీధి మునిగింది. నడుంలోతు నీళ్లలో అమ్మ టీవీని వదిలేసింది, బియ్యం డబ్బా వదిలేసింది. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని పక్కింటి మేడెక్కింది. అందులో నగలున్నాయేమో అనుకున్నారు అందరూ.

ఇప్పుడు ఒప్పుకోలు.

2003లో నాన్న పోయారు. వీలునామా లేదు. చట్టం ప్రకారం నాలుగు సమాన వాటాలు: అమ్మ, ఇద్దరు అన్నయ్యలు, నేను. అప్పటికి ఈ చుట్టుపక్కల ఇళ్లన్నీ ఒకటొకటిగా అపార్టుమెంట్లవుతున్నాయి. ఒక బిల్డరు వచ్చి మాట్లాడాడు. 2004లో పెద్దన్నయ్య ఫోను చేసి, "నీకేం తక్కువమ్మా, ఒక సంతకం పెడితే మాకు పని తేలికవుతుంది" అన్నాడు. అప్పుడు నేనేం చేస్తున్నానో చెప్పాలి. నా పరిశోధనాంశం గ్రామీణ స్త్రీల భూమి హక్కులు. పల్లెల్లో తిరిగి ఆడవాళ్లను అడుగుతున్నాను. నా ప్రశ్నావళిలో 17వ ప్రశ్న: "పుట్టింటి ఆస్తిలో మీ వాటా వదులుకుంటూ సంతకం గాని వేలిముద్ర గాని వేశారా? వేస్తే ఎందుకు?" వాళ్లు చెప్పిన కారణాలు నా దగ్గర పట్టిక వేసి ఉన్నాయి. అన్నదమ్ములతో తగువెందుకు, పుట్టింటి గడప తొక్కే దారి ఉండాలి, పెళ్లికి పెట్టారు కదా. నేను ఆ పట్టికను అధ్యాయంగా రాస్తూ, మధ్యలో ఒక శుక్రవారం వెళ్లి హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టి వచ్చాను. బదులుగా వదిన ఒక పట్టుచీర పెట్టింది.

నాకు నేను చెప్పుకున్న సమర్థన కూడా ఉంది, చదువుకున్న సమర్థన. అప్పటికి వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ ఇంకా ఉంది. కుటుంబం కాపురముంటున్న ఇంటిని పంచమని అడిగే హక్కు ఆడ వారసులకు, మగ వారసులు పంచుకోవాలనుకునేదాకా, రాదు. పెళ్లయి అత్తవారింట్లో ఉన్న కూతురికి అందులో ఉండే హక్కు కూడా లేదు. ఎలాగూ అడగలేని హక్కు, ఉంచుకుని ఏం చేస్తాను అనుకున్నాను. ఆ మరుసటి ఏడాదే, 2005 సెప్టెంబరు 9 నుంచి ఆ సెక్షన్ పోయింది. అయినా అన్నయ్యలే పంచుకుందామంటున్నప్పుడు ఆ సెక్షన్ నాకు అడ్డం కాదు. ఈ సంగతి నాకు అప్పుడూ తెలుసు.

అమ్మకు వెళ్లి చెప్పాను, మెచ్చుకుంటుందనే కాస్త ఆశతో. అమ్మ కుట్టుమిషను ఆపింది. "నువ్వు సంతకం పెట్టింది మీ నాన్న ఇంటి మీద కాదే. మా అమ్మ పొలం మీద" అంది. లేచి ట్రంకుపెట్టె తెరిచి 1946 నాటి కాగితం నా ముందు పెట్టింది. అప్పటిదాకా నేను దాన్ని చూడలేదు. వందలమంది ఆడవాళ్ల ఇళ్లలో కూర్చుని కాగితాలు చూపించమని అడిగినదాన్ని, మా అమ్మను ఎప్పుడూ అడగలేదు. అప్పటినుంచి నాలుగు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు.

అమ్మ సంతకం పెట్టలేదు. రెండేళ్లు పెట్టలేదు. అందరూ నచ్చజెప్పారు. కొడుకుల మీద నమ్మకం లేదా అన్నారు. ఈ వయసులో నీకు ఇల్లెందుకు, ఆరు నెలలు ఒకరి దగ్గర ఆరు నెలలు ఇంకొకరి దగ్గర ఉండొచ్చు కదా అన్నారు. "పుస్తకాల్లో నా లెక్క ఉంది, చూసి మాట్లాడండి" అనేది. అన్నయ్యలను నేను దుర్మార్గులుగా చెప్పడం లేదు, వాళ్లిద్దరూ ఈ సభలో ఉన్నారు, ఈ మాటలన్నీ వాళ్లకు ముందే చదివి వినిపించాను. చివరికి 2006లో, కట్టబోయే వాటిల్లో ఒక ఫ్లాటు అమ్మ ఒక్కదాని పేరు మీద రిజిస్టరు చేస్తామని ఒప్పందంలో రాశాకే సంతకం చేసింది. రాసిన కాగితాన్ని తనే చదివింది, "జీవితకాలం" అనే మాట ఎక్కడైనా ఉందేమోనని. లేదు.

పదిహేడేళ్లు ఆ ఫ్లాటులో ఉంది. మనవళ్లు, మనవరాళ్లు అక్కడే చదువుకుని వెళ్లారు. నాయనమ్మ ఇల్లు, అమ్మమ్మ ఇల్లు అనేవాళ్లు. తాతయ్య ఇల్లు అని ఎవరూ అనలేదు.

2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. భర్త సంపాదన వెనక ఇంట్లో భార్య చేసిన పని ఉంది కాబట్టి, అతని పేరు మీద కొన్న ఆస్తిలో ఆమెకూ సమాన వాటా ఉంటుందని. అది ఒక హైకోర్టు తీర్పు. భార్య శ్రమకు ఇంటి ఆస్తిలో వాటా ఇచ్చే చట్టం మనకు లేదు. అప్పటికి అమ్మ మంచం మీద ఉంది. పేపరు చదివి వినిపించాను. "ఆ తొమ్మిది పుస్తకాలు తీసుకెళ్లి చూపించు వాళ్లకి" అంది. వేళాకోళంగానే అందనుకుంటాను.

అమ్మ వీలునామా రాసింది. ఫ్లాటు ఇద్దరు మనవరాళ్లకు, పెద్దన్నయ్య కూతురికి, నా కూతురికి, చెరి సగం. సంపూర్ణ హక్కులతో. మనవడు కొంచెం అలిగాడు. సాక్షులుగా ఇద్దరు కావాలంటే, ఒకరు ఎదురింటి టీచరుగారు. రెండో సంతకానికి అమ్మ నన్ను పిలిచింది. "ఈసారి చదివి పెట్టు" అంది.

ఆస్తిపన్ను బిల్లు ఇంకా అమ్మ పేరు మీదే వస్తోంది. పేరు మార్పించడానికి కావలసిన కాగితాలన్నీ ట్రంకుపెట్టెలో వరసగా, దారం కట్టి ఉన్నాయి. పిల్లలిద్దరూ ఎప్పుడు వెళ్దామని అడుగుతున్నారు. ఈ నెలలో తీసుకెళ్లాలి.